ట్వోమీ ఓటు

మాలకీ గెరాటీకి ఐదు నెలలుగా పని లేదు. ఇటుకల తట్టతో నిచ్చెన మీంచి జారి మోకాలు విరగ్గొట్టుకున్నాక న్యూయార్క్‌లో ఏ మేస్త్రీ అతని మొహం చూడలేదు. మోకాలు అతుక్కుంది, కుంటు మిగిలింది. ఇంట్లో భార్య హనోరాకి ఏడో నెల. నవంబరు వచ్చేసింది, ఇంక చలి ఎంతో దూరం లేదు.

వాళ్ళుండే వార్డులో పని కావాలని దేవుడికి మొక్కుకున్నా, ఆయన కూడా చివరికి ల్యూక్ స్కాన్లన్ సారాకొట్టుకే పొమ్మంటాడని జనం అనుకునేవాళ్ళు. పార్టీ తరఫున ఆ వీధులకి పెద్ద అతనే. పెళ్ళికి పిలిస్తే వస్తాడు, చావుకి పిలవకపోయినా వస్తాడు. జైల్లో పడ్డవాణ్ణి విడిపిస్తాడు, చలికాలంలో లేనివాళ్ళ ఇళ్ళకి పార్టీ బొగ్గుబండి పంపిస్తాడు. దొంగే, కాదనేదేముంది? కానీ నీతిమంతులు ముందు బైబిలు చదివించి తర్వాత చప్పటి సూపు పోసేవాళ్ళు. స్కాన్లన్ ముందు బొగ్గు వేయించి, ఏడాదికొక్క రోజు, ఎన్నికల నాడు మాత్రం గుర్తుచేసేవాడు.

ఆ బొగ్గుబండి తోలేవాడు ఈమధ్యే పోలీసైపోయాడు. ఆ చోటు ఖాళీ. కూర్చుని చేసే పని, కుంటివాడైనా ఫరవాలేదు. స్కాన్లన్ మాలకీని పిలిపించి బీరు పోయించి, ఎన్నికల రోజున మూడు ఓట్లు వేస్తే బండి పగ్గాలు నీవే అన్నాడు. మొదటి ఓటు సొంత పేరు మీద. రెండోది అసలు పుట్టనే పుట్టని ఎవరో మనిషిది. మూడోది కార్నీలియస్ ట్వోమీది.

మాలకీ చెయ్యి దానంతటదే టోపీ మీదికి పోయింది. "దేవుడాయన ఆత్మకు శాంతినివ్వాలి" అన్నాడు.

"అదిగో, ఆ మాటే వద్దంటున్నా" అన్నాడు స్కాన్లన్.

కార్నీలియస్‌ని అందరూ కాన్ అనేవాళ్ళు. కాన్, మాలకీ ఒకే పల్లెవాళ్ళు, ఒకే ఓడలో వచ్చారు. ఈస్టర్ వారంలో కాన్ జ్వరంతో పోతే శవపెట్టె మోసిన నలుగురిలో మాలకీ ఒకడు. పోయినవాడి పేరు ఎత్తాక టోపీ తీసి ఆ మాట అనకుండా ఊరుకోవడం వాళ్ళ పల్లెలో ఎవరికీ తెలీదు. తాగుబోతైనా అంటాడు, ఆస్తి తగాదాల్లో తలలు పగలగొట్టుకున్నవాడైనా అంటాడు.

మాలకీ నసిగాడు. వేరే పేరేదైనా ఇప్పించమన్నాడు.

"కాన్ బతికుంటే ఓటు ఎవరికేసేవాడ్రా?"

"మనకే అన్నా."

"మరి? పోయినంత మాత్రాన మనసు మార్చుకుంటాడా?"

మాలకీ తలూపి బయటికొచ్చాడు. ఇంటికెళ్ళి హనోరాకి చెప్పాడు. ఆమె కాసేపు తిట్టింది, కాసేపు ఏడ్చింది, ఆ తర్వాత మొగుడికి తర్ఫీదు మొదలుపెట్టింది. రొట్టెపిండి పిసుకుతూ పిసుకుతూ హఠాత్తుగా "కార్నీలియస్ ట్వోమీ" అని పిలిచేది. అతను టోపీ తీసేవాడు, ఆమె గరిటెతో చేతిమీద ఒక్కటిచ్చేది. ఇచ్చాక అలవాటు కొద్దీ ఆమే "దేవుడాయన ఆత్మకు శాంతినివ్వాలి" అనేసి నాలుక కరుచుకునేది. నాలుగు రోజులకి ఎలాగో అతని నోరు కట్టుబడింది. "హాజరు" అనడం వచ్చింది.

ఎన్నికల రోజు గుర్రాల కొట్టంలో పోలింగు. కొట్టం గుమ్మం పక్కనే కాన్ భార్య సబీనా ఆపిల్ పళ్ళ బుట్ట పెట్టుకుని కూర్చుంది, రోజూ కూర్చునే చోటే. పొద్దున్న మాలకీ ఆమెను చూడనట్టు లోపలికి పోయి సొంత ఓటు వేశాడు. గంట తర్వాత కోటు మార్చుకుని పుట్టని మనిషి ఓటు వేశాడు. లోపల గుమాస్తా మనవాడు, పోలీసు మనవాడు, వరసలో ఉన్నవాళ్ళంతా మనవాళ్ళు. ఒక్క విట్లాక్ అనే ఆయన మాత్రం అవతలి పార్టీ తరఫున డబ్బున్నవాళ్ళుండే ఎగువ వీధుల నుంచి వచ్చి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరి మొహమూ ఆయనకి గుర్తుండేట్టు లేదు.

మధ్యాహ్నం మూడోసారి మాలకీ బల్ల దగ్గరికొచ్చాడు. గుమాస్తా జాబితాలో వేలు పెట్టి గట్టిగా పిలిచాడు.

"కార్నీలియస్ ట్వోమీ!"

"హాజరు" అన్నాడు మాలకీ. చెయ్యి టోపీ వైపు కదల్లేదు.

కానీ అతని వెనక వరసలో ఉన్న ఇరవైమందీ ఒక్కసారిగా టోపీలు తీశారు. "దేవుడాయన ఆత్మకు శాంతినివ్వాలి" అన్నారు. గుమ్మంలో పోలీసు కూడా హెల్మెట్ తీసి గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. ఇంతమందికి తర్ఫీదు ఇవ్వాలని స్కాన్లన్‌కి తోచలేదు పాపం.

విట్లాక్ రుమాలు తీశాడు. ఎవరి ఆత్మకి శాంతి అని అడిగాడు. టోపీలన్నీ తేలు కుట్టిన దొంగల్లా మళ్ళీ తలల మీదికెక్కాయి. ఈ ట్వోమీ అనే ఆయన్ని ఎరిగినవాళ్ళెవరని ఆయన మళ్ళీ అడిగాడు. బెదిరిపోయిన గుమాస్తా, బయట ఆయన భార్య ఉందండీ, ఆమెనే అడగండి అనేశాడు. ఆమె అవునంటుందని వాడి ధైర్యం. ఆమె పొయ్యిలో మండేది కూడా స్కాన్లన్ బొగ్గే.

సబీనా వచ్చింది. చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుంటూ ముందు మాలకీని చూసింది, తర్వాత వరసని చూసింది. అవునంటే మాలకీకి బండి, ఆమెకి బొగ్గు. అది అక్కడున్న అందరికీ తెలుసు. మాలకీ నేల చూపులు చూస్తూ, అవును అను వదినా, అవును అను అని లోలోపల ప్రాధేయపడ్డాడు. జీవితంలో అంత సిగ్గుమాలిన ప్రార్థన అతనెప్పుడూ చెయ్యలేదు.

"ఈయన మీ భర్తేనా?" అన్నాడు విట్లాక్.

"కాదు బాబూ. నా మొగుడు ఈస్టర్ వారంలో పోయాడు. ఆయన పెట్టె మోసిన నలుగురిలో ఈయనొకడు." ఆమె మాలకీ వైపు తిరిగింది. "ఎవరూ అడక్కపోతే నేనూ చెప్పేదాన్ని కాదు మాలకీ. అడిగాక మాత్రం, ఇంకో మగాణ్ణి చూపించి నా మొగుడని ఎలా అంటాను?"

శిలువ గుర్తు వేసుకున్న పోలీసే మాలకీని పట్టుకుపోయాడు. గంటలో మేజిస్ట్రేటు వదిలేశాడు. ఆ మేజిస్ట్రేటుని కుర్చీ ఎక్కించిందెవరో వేరే చెప్పాలా? ముద్దాయి చెవిటివాడనీ, పేరు సరిగ్గా వినపడలేదనీ రాసుకున్నారు.

పని పోయినట్టేననుకుని సారాకొట్టుకి వెళితే స్కాన్లన్ నవ్వుతూ ఎదురొచ్చాడు. స్టేషన్లో ఎవరెంత అడిగినా మాలకీ ఎవరి పేరూ చెప్పలేదు. అలాంటివాడే కావాలన్నాడు, సోమవారం నుంచి బండెక్కమన్నాడు. ఆ వారమంతా హనోరా పాటలు పాడుకుంటూ పనిచేసింది.

సోమవారం పొద్దున్నే మంచు పడింది. పదిహేడిళ్ళు, పదిహేడు బస్తాలు. మాలకీకి చదువు రాదు కాబట్టి స్కాన్లనే పేర్లు చదివి అప్పజెప్పించుకున్నాడు. అందులో సబీనా పేరు లేదు. మరిచిపోయారేమో అన్నా అన్నాడు మాలకీ. స్కాన్లన్‌కి కోపమేమీ లేదు. ఎప్పుడూ ఉండదు. "నేను దేన్నీ మరిచిపోను" అన్నాడు అంతే.

బండి ఆగితే ఇంటివాళ్ళు దిగొచ్చి ఎవరి బస్తా వాళ్ళు మోసుకుపోవడం పద్ధతి. సబీనా ఉండే ఇంటి ముందు బండి ఆగింది, ఎవరూ దిగి రాలేదు. ఎవరొస్తారు? మాలకీ పగ్గాలు స్తంభానికి కట్టాడు. ఒక బస్తా భుజానికెత్తుకుని కుంటుకుంటూ నాలుగంతస్తులూ ఎక్కి, ఆమె తలుపు ముందు దించి, తలుపు కొట్టకుండానే దిగొచ్చాడు.

చివరి ఇంటికి ఇవ్వడానికి బండిలో బొగ్గు లేదు. ఆ ఇల్లాలు ఊరుకునే రకం కాదు, తిన్నగా సారాకొట్టుకి పోయి కేకలేసింది. ఆమెకి వేరే బస్తా ఇప్పించి పంపాక, స్కాన్లన్ బండి దగ్గరికొచ్చి ఆ బస్తా ఎవరికిచ్చావని అడిగాడు. చెవిటివాణ్ణని ఇక్కడ చెప్పడం కుదరదు.

"సబీనాకిచ్చాను" అన్నాడు మాలకీ.

"సరే. బండి దిగు" అన్నాడు స్కాన్లన్. అరవలేదు, తిట్టలేదు. గుర్రాన్ని ఒకసారి నిమిరి లోపలికి పోయాడు.

ఇంటికొచ్చి మాలకీ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. హనోరా అతని వంశంలో ఒక్కణ్ణీ వదలకుండా తిట్టింది. సబీనాను తిట్టింది, స్కాన్లన్‌ను తిట్టింది, వాళ్ళని మోసుకొచ్చిన ఓడనీ తిట్టింది. ఊపిరి చాలక పొట్ట పట్టుకుని బల్ల మీద కూర్చుంది.

"బస్తా వీధిలోనే పడేసొచ్చావా, పైకి మోశావా?" అని అడిగింది చివరికి.

"పైకే. నాలుగో అంతస్తు."

"సరే, కూర్చో" అని, పొయ్యి మీంచి బంగాళాదుంపలు దించడానికి లేచింది.