చాంబర్‌లో నూనె జాడ

పొద్దున్నే పిల్లల డబ్బాలు సర్దుతున్నాను. రై ధాన్యపు నల్లరొట్టె మీద వెన్న, దాని మీద లివర్ పేస్ట్, ఆపైన దోసకాయ ముక్కలు, అన్నిటికీ కలిపి ఫాయిల్. చిన్నదానికి దోసకాయ రొట్టెకి తగలకూడదు. పెద్దవాడికి తగలకపోతే ముట్టడు. మా ఆయన ట్రోల్స్ కాఫీ తాగుతూ నా చేతుల వంక చూసి నవ్వాడు.

"యూనివర్సిటీలో కూడా ఇదే పనన్నావుగా మైకెన్? ఏదో ఉక్కు పాత్రకి ఫాయిల్ చుట్టడం. దానికోసం అంత దూరం సైకిలు తొక్కడమెందుకు, ఇక్కడే చుట్టుకోవచ్చుగా!"

నేనూ నవ్వాను. నవ్వేశాక ఒళ్ళు మండింది. నా భర్త చెడ్డవాడు కాదు. డెన్మార్క్‌లో చెడ్డ మొగుడు దొరకడం కష్టం. అందరూ పిల్లల బళ్ళు తోస్తారు, గిన్నెలు కడుగుతారు, సమానత్వం ఎప్పుడో వచ్చేసిందని నమ్ముతారు. వచ్చేసినదాని గురించి ఇంకా అడగడం మర్యాద కాదు. "మా ట్రోల్స్ ఎంత సాయం చేస్తాడో!" అంటుంది మా అత్తగారు వచ్చినప్పుడల్లా. సాయం ఎవరి పనికి చేస్తారు? నా పనికి. అంటే ఇల్లంతా నా పనేనన్నమాట. ముప్పై దాటాక ఫిజిక్స్ డిగ్రీలో చేరతానన్నప్పుడు ఆవిడే అంది, "పిల్లల్ని కాస్త ఎదగనీ, మైకెన్. ఫిజిక్స్ ఎక్కడికి పోతుంది?" నిజమే, అదెక్కడికీ పోదు. పోయేది నేనే.

రెండో ఏడు చివర్లో ప్రొఫెసర్ ఉల్లా తలుపు తట్టాను. అంతకుముందు ఆ తలుపు దాకా వెళ్ళి, ఏం మాట్లాడాలో తోచక వెనక్కి వచ్చేశాను. "నాకేమీ రాదు, మీ ల్యాబ్‌లో నేర్చుకోవాలని ఉంది" అని గబగబా అనేశాను. ఆవిడ కళ్ళజోడు తీసి చూసింది. "ఏమీ రానివాళ్ళే నయం. మొదట్లో శుభ్రం చేయడమే ఉంటుంది. మేమందరం అలాగే మొదలుపెట్టాం. బుధవారం, శుక్రవారం రా. వేసవంతా ఉంచుకోవాలో లేదో ఈ నెల చూసి చెప్తాను." ఆ సాయంత్రం పాడుకుంటూ ఇంటికొచ్చాను.

ల్యాబ్‌లో ఉన్నది ఒక ఉక్కు చాంబర్. దాన్లోంచి పంపులతో గాలంతా తోడేసి, ఆ శూన్యంలో ఒక లోహపు ముక్క మీద అణువులు ఎలా కుదురుకుంటాయో చూస్తారు. లోపల వేలిముద్ర పడ్డా చాలు, ఆ జిడ్డు రోజుల తరబడి ఆవిరవుతూ కొలతని పాడుచేస్తుంది. అందుకే గ్లవ్స్ మీద గ్లవ్స్ వేసుకోవాలి. మూతలు బిగించాక బయట ఫాయిల్ చుట్టి, వేడి చేసి, గోడలకంటుకున్న తేమని వదిలిస్తారు. ఆ పని నాకెంత ఇష్టమో ఇంట్లో ట్రోల్స్‌కి చెప్తే, అతను కాస్తా నవ్వాడు.

శుభ్రం చేయడం మీద నాకు కోపం లేదు. అది పాకే తీరు మీదే కోపం. మూతలు తుడవడంతో మొదలై కాఫీ మిషన్ దాకా పాకింది. శుక్రవారం కేకు వంతులవారీగా తేవాలి, నా వంతు మాత్రం ఎందుకో తొందరగా తిరిగొచ్చేది. "నీకలవాటేగా మైకెన్, మేం చేస్తే రాయిలా ఉంటుంది" అనేవాడు ఆస్గర్. ఆ చాంబర్‌తో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు, నాకంటే చాలా చిన్న. నేనూ మురిసిపోయి యాలకులు దండిగా వేసి తెచ్చేదాన్ని.

ఆ బుధవారం చాంబర్ చల్లారాక తెర మీద గీతలు చూశాం. లోపల ఏమేం మిగిలాయో ఆ గీతలే చెప్తాయి. ఏమీ ఉండకూడని చోట వరసగా లేచి కనిపించాయి. అవి నూనె గీతలు.

ఆస్గర్ తల పట్టుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి చాలా మెత్తగా అన్నాడు.

"చేతులకి క్రీమేమన్నా రాసుకున్నావా? పర్లేదులే. ఇంట్లో వెన్నా అదీ ముట్టుకుని వస్తావు కదా. అమ్మలకి ఇలాంటివి మామూలే."

"సారీ" అన్నాను.

ఎదురుగాలిలో సైకిలు తొక్కుతుంటే ఏడుపొచ్చింది. క్రీమ్ రాసుకునే తీరికెక్కడిది నాకు? గ్లవ్స్ రెండు జతలు వేసుకున్నాను కూడా. మరి సారీ ఎందుకన్నాను? మేజోడు కనపడకపోతే "అమ్మా", పాలైపోతే "మైకెన్", వాన పడి బట్టలు తడిస్తే అదీ నేనే. అడిగినవాళ్ళ నోరు మూతపడకముందే నా నోట్లో క్షమాపణ తయారుగా ఉంటుంది. ఇప్పుడు చాంబర్ విప్పి కడిగి మళ్ళీ వేడి చేయాలంటే వారాలు పోతాయి. వెన్న చేతుల మనిషిని వేసవికి ఎవరుంచుకుంటారు?

సాయంత్రం చేప వేయిస్తున్నాను. వాసన పడగ్గదిలోకి వస్తోందని ట్రోల్స్ వచ్చి వంటింటి తలుపు వేశాడు. మూకుడు ముందు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గాలి తోడే పంపులోనూ నూనె ఉంటుంది. ఆ జాడ చాంబర్ లోపలిదైతే పంపు వైపు తలుపు, అదే వాల్వ్, మూసినా తగ్గదు. పంపులోంచి వస్తుంటే తగ్గి తీరాలి. చేప ఒకవైపు మాడింది. నాకేం బాధనిపించలేదు.

శుక్రవారం ఆస్గర్ స్పానర్ తీసుకుని చాంబర్ విప్పబోతున్నాడు.

"ఆగు. ముందు పంపు వాల్వ్ మూసి చూద్దాం" అన్నాను.

"ఎందుకూ? ఎలాగూ విప్పక తప్పదుగా."

"కాసేపే. రెండో వైపు చిన్న పంపు నడుస్తూనే ఉంటుందిగా, ఏం పాడవదు."

భుజాలెగరేసి పక్కకి జరిగాడు. వాల్వ్ మూశాను. గీతలు మెల్లగా కిందికి దిగాయి. తెరిచాను, లేచాయి. నమ్మకం కుదరక మళ్ళీ మూశాను, మళ్ళీ దిగాయి. ఒంట్లో ఎక్కడెక్కడో వెలుగు పడినట్టయింది. లోకంలో ఇంకెవరికీ తెలియని చిన్న సంగతొకటి ఆ క్షణాన నాకు తెలుసు!

ఆస్గర్ చెవులు ఎర్రబడ్డాయి. "అయ్యో, ఆ పంపులో నూనె మార్చింది నేనే" అని, వెంటనే నవ్వేశాడు. "భలే పని చేశావు, విప్పే బాధ తప్పింది! సోమవారం మీటింగులో ఉల్లాకి నేను చెప్తాలే. పొద్దున్నే నీకు పిల్లలతో ఇబ్బంది కదా."

ఎంత దయో! నా ముందు తలుపులన్నీ ఇలాగే, నా ఇబ్బంది తలచుకునే, చప్పుడు లేకుండా మూసుకున్నాయి. "నేనూ వస్తాను" అన్నాను.

ఇంటికెళ్ళి, "సోమవారం పిల్లల్ని నువ్వు దింపు" అన్నాను ట్రోల్స్‌తో.

"సోమవారం నాకు పనుంటుందిగా. అయినా ఆ కుర్రాడు చెప్తే ఏం? నూనె ఎక్కడిదో తేలిందిగా, ఎవరు చెప్తే ఏముంది?"

"ఏమీ లేకపోతే నేనే చెప్తాను."

అతను నా మొహంలోకి చూశాడు. మామూలుగా అయితే ఆ మౌనాన్ని నేనే నింపేదాన్ని, పోనీలే, ఇంకోసారి చూద్దాంలే అని. ఈసారి ఊరుకున్నాను. చాలాసేపటికి "సరే" అన్నాడు.

సోమవారం బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. ఆస్గర్ లేచాడు. "చాంబర్‌లో నూనె ఎక్కడిదో దొరికింది. పంపు వాల్వ్ మూసి చూస్తే..."

"కొలిచింది నేను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేను చెప్తాను."

ఆస్గర్ తల ఊపి కూర్చున్నాడు. ఉల్లా సుద్దముక్క నావైపు జరిపింది.

"రా మరి. ఇక్కడి పద్ధతి ఒకటుంది. ఫలితం చివర్లో చెప్పాలి. మొదట నువ్వేమనుకున్నావు, అది ఎలా తప్పని తేలింది, అక్కణ్ణుంచి మొదలుపెట్టు."

బోర్డు మీద చాంబర్ గీశాను, పంపు గీశాను, మధ్యలో వాల్వ్ గీశాను. అందరి వైపూ తిరిగాను.

"మొదట, తప్పు నాదేననుకున్నాను" అన్నాను.