ఊరికే వచ్చిన చోటు

కోచ్‌కోర్ ఊరి ఉన్నికంబళ్ళ సంఘంలో ఆ రోజు పొద్దుటినుంచీ తుర్గనై కంప్యూటర్ ముందు కూర్చుని తనలో తాను తిట్టుకుంటోంది. పక్క గదిలో ఆడవాళ్ళు వేడినీళ్ళు పోసి ఉన్ని తొక్కుతున్నారు. అల్మాటీ దుకాణంవాళ్ళు కొత్త షిర్దాక్ కంబళ్ళ ఫోటోలు పంపమన్నారు. ఫోటోలు మెయిల్‌కు తగిలించి పంపబోయిన ప్రతిసారీ తెరమీద ఎర్ర అక్షరాలే వస్తున్నాయి: మీ పెట్టెలో చోటు అయిపోయింది.

"పాతవన్నీ తీసిపారెయ్యవే," అంది రహత్ గుమ్మంలో నిలబడి, చేతుల సబ్బునురగ దులుపుకుంటూ. "మా అత్త కూడా ఇంతే. చిరిగిన గోతం కూడా పారెయ్యదు. ఆవిడ కొట్టుగదీ నీ మెయిల్ పెట్టే ఒకటే."

"పారెయ్యగలిగినవైతే ఎప్పుడో పారేసేదాన్ని."

"అంత దాచుకునేవేంటో? ప్రేమలేఖలా?"

తుర్గనై నవ్వలేదు. ఆ పెట్టెలో కంబళ్ళ ఫోటోలు కాక రెండు రకాల ఉత్తరాలున్నాయి. ఒక రకం ఆమె చెల్లెలు బెగాయిమ్ రాసినవి. రెండో రకం ఆ చెల్లెలి మొగుడు ఎర్మెక్ రాసినవి. మొదటివాటిని ఆమె ప్రాణంలా దాచుకుంది. రెండోవాటిని చూస్తేనే ఒళ్ళు జలదరించేది. అయినా రెండింటిలో దేన్నీ తీసెయ్యడానికి వీల్లేదు.

ఎర్మెక్ తోక్‌మోక్‌లో టాక్సీ నడిపేవాడు. పెళ్ళయిన కొత్తలో అత్తగారింటికి వచ్చినప్పుడల్లా కట్టెలు కొట్టి పెట్టేవాడు, మంచి అల్లుడని పేరు తెచ్చుకున్నాడు. నాలుగు గోడల మధ్య వాడి చెయ్యి ఎలా లేచేదో బెగాయిమ్‌కూ, గోడకు అంటుకుని నిలబడే ఆమె కూతురు అదినైకీ మాత్రమే తెలుసు. ఒకసారి బెగాయిమ్ పిల్లను తీసుకుని తలాస్‌లోని మేనత్త ఇంటికి పారిపోయింది. వాడి బంధువొకడు ఫోన్ల కంపెనీలో పనిచేసేవాడు. ఆ బంధువు సాయంతో ఆమె నంబరు ఎక్కడ పలుకుతోందో కనుక్కుని, వారం తిరక్కుండా వెళ్ళి జుట్టు పట్టుకుని తెచ్చాడు.

రెండోసారి పారిపోయినప్పుడు ఆమె కరకోల్‌లోని బుర్మా అపా దగ్గరికి చేరింది. అందరూ 'అపా', అంటే అక్క, అని పిలిచే బుర్మా ఒకప్పుడు బడి పెద్దపంతులమ్మ. పదవీ విరమణ తరువాత తన ఇంటినే ఇలాంటి ఆడవాళ్ళకు ఆశ్రయంగా మార్చింది. ఆవిడ పెట్టిన కట్టుబాట్లు గట్టివి. సొంత ఫోను ఉండకూడదు. అసలు పేరు ఎక్కడా చెప్పకూడదు. ఇంటివాళ్ళతో మాట్లాడాలంటే వేరే పేరుమీద తెరిచిన మెయిల్, అదీ ఒక్కరికే.

బెగాయిమ్ ఆ ఒక్కరిగా అక్కను ఎంచుకుంది.

ఎర్మెక్‌కు ఈ సంగతి తెలియదు. కాని వదినకు తెలిసే ఉంటుందని అనుమానం. పెళ్ళి ఫోటోలు పంపుకున్న రోజులనుంచీ వాడి దగ్గర ఆమె మెయిల్ చిరునామా ఉంది. మొదట బతిమాలుతూ రాశాడు. తరువాత బెదిరిస్తూ రాశాడు. "వదినా, అది ఏ కలుగులో దూరినా లాగుతాను. దాచినవాళ్ళ సంగతి కూడా చూస్తాను." ఒక్కోరోజు రెండు మూడు వచ్చేవి. తుర్గనై జవాబివ్వలేదు. బుర్మా అపా కబురు చేసింది: "ఒక్కటి కూడా తీసెయ్యకు తల్లీ. రేపు కోర్టులో మన నోటిమాట ఎవరూ నమ్మరు. వాడి మాటే వాడికి ఉరితాడు కావాలి."

అందుకే ఆ పెట్టె నిండిపోయింది.

"ఇదిగో, కింద ఏదో రాసుంది చూడు," అంది రహత్ తెరమీదికి వంగి. "పది రెట్లు చోటు ఇస్తారట. ఊరికే! డబ్బు మాటే లేదు."

నిజమే. ఎర్ర అక్షరాల కింద పచ్చటి గడి ఒకటి మెరుస్తోంది. 'నా వాళ్ళు' అనే కొత్త సదుపాయానికి ఒప్పుకుంటే చోటు పెంచుతామని ఉంది. మీ ఆత్మీయులను ఒకరికొకరిని దగ్గర చేస్తాం, మీ జ్ఞాపకాలను ఒకచోట చేరుస్తాం అని ఇంకేదో ఉంది. దాని కింద చీమ తలకాయలంత అక్షరాలతో షరతులు, కిందికి జరిపేకొద్దీ జరుగుతూనే ఉన్నాయి.

"ఇదంతా చదవాలా?"

"చదివితే రేపటికి కూడా అవదు. అల్మాటీవాడు ఇంకొకళ్ళ దగ్గర కొనుక్కుంటాడు. నొక్కవే బాబూ! ఊరికే ఇస్తుంటే కాదనేవాళ్ళుంటారా?"

తుర్గనై నొక్కింది. ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి. ఫోటోలు వెళ్ళిపోయాయి. ఆ సాయంత్రం అందరికీ టీతోపాటు నూనెలో వేయించిన బోర్సోకులు పెట్టింది.

ఇందులో ఆమె చేసిన తప్పేమిటని మీరు అడగవచ్చు. ఆ పచ్చ గడిని మనలో నొక్కనివారెవరు? అదే ఈ కథలోని విషాదం. పాపిష్టి పనులు చేసేటప్పుడు మనిషి చెయ్యి వణుకుతుంది. ఇది చేసేటప్పుడు ఎవరి చెయ్యీ వణకదు.

కొద్దిరోజుల తరువాత చెల్లెలి దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. అదినైని మొదటి తరగతిలో చేర్పించింది. "ఫోటో ఒక్కటైనా పంపవే, అమ్మ కళ్ళు కాయలు కాచిపోతున్నాయి" అని అక్క ఏడాదిగా పోరుతూంటే ఇన్నాళ్ళూ భయపడిన బెగాయిమ్ ఆ రోజు మాత్రం మనసు ఆపుకోలేకపోయింది. తెల్లటి పెద్ద రిబ్బను పువ్వులు రెండు నెత్తిన పెట్టుకుని, ముందుపన్ను ఊడిన నోటితో నవ్వుతోంది పిల్ల. తల్లి పనిచేసే కుట్టుదుకాణం ముందు నిలబెట్టి తీసిన ఫోటో అది. ఉత్తరం చివర ఒక మాట ఉంది: "అక్కా, మొన్న మెయిల్ తెరిస్తే 'నా వాళ్ళు' అని ఏదో వచ్చింది. అందులో నీ ముఖం కనబడింది. ఏంటది? నాకెందుకో గుండె దడగా ఉంది."

తుర్గనై వెంటనే జవాబు రాసింది: "అదేదో వాళ్ళ ఆర్భాటం. పట్టించుకోకు. నీ కూతురు అచ్చం చిన్నప్పటి నీలాగే ఉంది."

ఆ మాట రాసిన చేతిని తరువాత ఆమె ఎన్నిసార్లు చూసుకుందో!

ఆ తరువాత ఒక మధ్యాహ్నం వేళ ఎర్మెక్ కరకోల్ వచ్చాడు. కారు రోడ్డుకు అవతల ఆపి, కుట్టుదుకాణంలోకి పిల్లల బడిబట్టలు కొనుక్కునేవాడిలా నడిచి వెళ్ళాడు. బెగాయిమ్ తల వంచి చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. వాడు ఆ ఇస్త్రీపెట్టెనే లాక్కుని కొట్టాడు. తలకు అడ్డం పెట్టిన కుడి మణికట్టు విరిగింది. రెండో దెబ్బ ఎడమ చెవి మీద పడింది. కుట్టుకునే ఆడవాళ్ళు దుప్పటి విసిరి వాడి ముఖం కప్పి, కత్తెరలు పట్టుకుని అడ్డు నిలబడ్డారు. వాడు బయటికి పరుగెత్తి బడి దారి పట్టాడు. పిల్ల కోసం! దుకాణం యజమానురాలు బడికి ఫోను చేసి గేటు వేయించకపోతే ఏమయ్యేదో ఆలోచించలేం. గేటు దగ్గరే వాడు పట్టుబడ్డాడు.

పోలీసు స్టేషన్లో వాడు నవ్వుతూ చెప్పాడట: "నేనెక్కడా వెతకలేదు సార్. మా వదినే చూపించింది."

బస్సులో, దారి వెంట సాగే పెద్ద సరస్సు పొడుగునా ఏడుస్తూ కరకోల్ చేరింది తుర్గనై. ఆసుపత్రిలో బెగాయిమ్ తల నిండా కట్టు. అక్కను చూడగానే ముఖం గోడవైపు తిప్పుకుంది.

"బెగాయిమ్... నేనే, అక్కని."

"తెలుసు."

"ఒక్కసారి ఇటు చూడవే."

"ఎందుకు చెప్పావక్కా?" అంది గోడవైపే చూస్తూ. "వాడు కొట్టాడా నిన్ను? అమ్మను ఏమైనా చేస్తానన్నాడా? అలాగైతే చెప్పు, అర్థం చేసుకుంటాను. ఊరికే చెప్పావంటే మాత్రం తట్టుకోలేను."

"నా బిడ్డల మీద ఒట్టే! నీ ఊరి పేరు నా నోట్లోంచి ఎప్పుడూ రాలేదు. అమ్మకు కూడా చెప్పలేదు."

"మరి వాడికి ఎలా తెలిసింది? నీకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు కదక్కా!"

ఆ ప్రశ్నకు జవాబు బుర్మా అపా వెతికింది. "ఏడుపు తరువాత. ముందు నీ మెయిల్ తెరువు," అని తుర్గనైని ఆశ్రయంలోని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుని తెరమీద వేలుపెట్టి ఒక్కొక్కటే చదివించింది. 'నా వాళ్ళు' అన్న చోట వేలు ఆగింది.

"ఇదేంటి?"

"ఏదో కొత్తది అపా. చోటు కోసం ఒప్పుకున్నాను."

"తెరువు."

తెరిచింది. వరసగా ముఖాలు. అన్నిటికన్నా ముందు, అందరికన్నా పెద్దగా, ఎర్మెక్ ముఖం. దానికింద 'మీకు అత్యంత ఆత్మీయులు' అని రాసి ఉంది.

తుర్గనై చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. యంత్రానికి ఏం తెలుసు? ఎవరు ఎక్కువగా రాస్తే వారే దగ్గరివారని లెక్క వేసుకుంది. చంపుతానని రాసిన ఉత్తరమూ, నీకు ముద్దులు అని రాసిన ఉత్తరమూ దానికి ఒకటే. తరువాతి ముఖం అదినైది. బెగాయిమ్ పెట్టుకున్న మారుపేరు, ఆ ఫోటో, ఉత్తరం ఏ ఊరినుంచి వచ్చిందో ఆ ఊరి పేరు, అన్నీ వరసగా ఉన్నాయి. పిల్ల నవ్వు వెనక కుట్టుదుకాణం బోర్డు చక్కగా చదవడానికి వీలుగా ఉంది. వదినగారి 'వాళ్ళు' అందరినీ మరిదిగారి తెరమీద కూడా ఇలాగే చూపించి, ఆ మెయిల్ ఎప్పుడో పరిచయం చేసేసింది.

"అపా! నేనే చంపాను దాన్ని. నేనే..."

"కొట్టినవాడు వాడు. ఆ సంగతి మరిచిపోకు," అంది బుర్మా అపా. "కాని తలుపు తీసింది నువ్వే. అది కాదని నేను అబద్ధం చెప్పను తల్లీ."

ఆ మెయిల్ కంపెనీకి వాళ్ళు ఫిర్యాదు రాశారు. ఎవరో చదివి కన్నీరు పెట్టుకుంటారని కాదు, కనీసం ఒక మనిషి చదువుతాడని ఆశపడ్డారు. జవాబు క్షణంలో వచ్చింది. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది, ఈ సదుపాయానికి మీరే సమ్మతించారు, మీరు కోరుకుంటే ఆపుకోవచ్చు అని అందులో ఉంది. చివర, ఇంకా ఎక్కువ చోటు కావాలా అని కూడా అడిగారు.

కోర్టులో ఎర్మెక్ బెదిరింపు ఉత్తరాలన్నీ చదివారు. శిక్ష పడింది, అయితే పెద్ద శిక్ష కాదు. వాడు మళ్ళీ బయటికి వస్తాడని అక్కడున్న అందరికీ తెలుసు. బెగాయిమ్‌కు ఎడమ చెవి వినబడదు. మణికట్టు అతికింది కాని సూదిలో దారం ఎక్కించేంత నిలకడ రాలేదు. ఇక కరకోల్‌లో ఉండటానికి వీల్లేదు. వేరే చోటు చూసిన బుర్మా అపా ఈసారి కట్టుబాటును ఇంకాస్త బిగించింది: ఆ ఒక్కరికి కూడా రాయకూడదు.

ఊరు విడిచే ముందు ఆసుపత్రి ఆవరణలో అక్కాచెల్లెళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. వినబడే చెవి వైపు కూర్చుంది తుర్గనై.

"ఎక్కడికని అడగకక్కా."

"అడగను."

"నీ మీద కోపం లేదు. నువ్వు చెప్పలేదని తెలిశాక నిద్ర పట్టింది నాకు. కాని ఇకమీదట నీకు కూడా రాయను. అదినై పెళ్ళీడుకొచ్చినా నీకు తెలియదేమో."

"అమ్మకేం చెప్పను?"

"బాగున్నానని చెప్పు," అంది బెగాయిమ్.

అంతే. ఆ తరువాత ఆ తల్లీకూతుళ్ళ జాడ తుర్గనైకి ఎన్నడూ తెలియలేదు. తెలియకపోవడమే వాళ్ళు బతికి ఉన్నారనడానికి గుర్తని నమ్ముకుని ఆమె రోజులు గడుపుతోంది. ముసలితల్లి మాత్రం కూతురు క్షేమమని ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని ప్రతి శుక్రవారం మళ్ళీ మొదటినుంచీ అడుగుతుంది.

శీతాకాలంలో బుర్మా అపా కోచ్‌కోర్ వచ్చింది. సంఘం ఆడవాళ్ళందరూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. జరిగిందంతా విని రహత్ తల ఎత్తలేదు. "నొక్కమన్నది నేనే అపా," అంది మెల్లగా. "ఊరికే ఇస్తున్నారు కదా అనుకున్నాను. మనలాంటివాళ్ళ దగ్గర దాచడానికేముంది, తీసుకోడానికేముంది అనుకున్నాను."

"అందరూ అనే మాటే అది," అంది బుర్మా అపా. "నా దగ్గర దాచడానికేముంది! నీ దగ్గర లేకపోవచ్చు తల్లీ. నీకు ఉత్తరం రాసే మనిషి దగ్గర ఉంటుంది. జబ్బు దాచుకున్నవాళ్ళు ఉంటారు, అప్పు దాచుకున్నవాళ్ళు ఉంటారు, ప్రాణం దాచుకున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళు నిన్ను నమ్మి నీ పెట్టెలో పెట్టారు. నువ్వు ఆ పెట్టె తాళంచెవి తీసుకెళ్ళి, వెల అడగని కొట్టువాడి చేతిలో పెట్టావు. వాడు వెల అడగలేదు, నిజమే. నీ దగ్గర అడగలేదు. బెగాయిమ్ దగ్గర వసూలు చేసుకున్నాడు."

పొయ్యి మీద నీళ్ళు మరిగిపోతున్నా లేచి దించినవారు లేరు. అప్పుడు తుర్గనై నోరు విప్పింది.

"ఆ రోజు 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కినప్పుడు ఆ మాట నా ఒక్కదానిదే అనుకున్నాను," అంది. "కాదు. మనల్ని నమ్మి మనకు రాసిన ప్రతి మనిషి తరఫునా మనం ఒప్పుకుంటున్నాం. వాళ్ళను అడగకుండా ఒప్పుకునే హక్కు మనకు లేదు."