బండికి పెట్టిన దిష్టిచుక్క

మద్రాసు పక్కన మనలి దగ్గర మా షెడ్డుకు తుక్కు కింద వచ్చే గూడ్సు వ్యాగన్ల రంగు గీకి, అవి ఇంతకు ముందు ఎవరివో చెప్పడం నా పని. కాగితాలు పోయిన బండిని పాత యజమానికి తెలియకుండా కోస్తే గొడవ. పైన ఎరువుల కంపెనీ పేరుంటుంది, గీకితే సిమెంటు కంపెనీది, అడుగున మొదటి యజమానిది. ఈ ఉద్యోగం నాకు ఊరికే రాలేదు. ఆ పేర్లూ నంబర్లూ రాసిన పెయింటరు నా మొగుడు వెంకటపతి. ఒకరోజు రాస్తున్న బండిని వెనక నుంచి ఇంకో బండి గుద్దింది. అది కదిలి, ఆయన చక్రాల కింద పడి చనిపోయాడు. ఆయన బదులు నన్ను పెట్టుకున్నారు.

ఆయనకో అలవాటుండేది. నంబరు మొదలుపెట్టే ముందే, పసిబిడ్డకు పెట్టినట్టు, బండికి ఒక మూల నల్లగా దిష్టిచుక్క పెట్టేవాడు. ఆ రోజు అది మరిచిపోయాడని మా అత్త మునెమ్మ తీర్మానం. నేను ఇడ్లీ పెట్టకుండా పంపానట, ఆకలి మీద చుక్క మరిచాడట, అందుకే పోయాడట. మా అత్త నోటికి మైకు అక్కర్లేదు, చూలైలో మా వీధి వీధంతా పద్దెనిమిదేళ్లుగా వింటోంది. నిజానికి ఆయనే తినకుండా పరిగెత్తాడు. చెప్పి చెప్పి విసుగొచ్చి మానేశాను. ఏడవడం కూడా ఎప్పుడో మానేశాను. వచ్చిన ప్రతి బండినీ అడుగు రంగు దాకా గీకడం మాత్రం మానలేదు. ఆ ఒక్క బండి దొరికితే, చుక్క ఉందో లేదో తేలిపోతుంది.

మొన్న దొరికింది. నంబరులో ముందు అంకెలన్నీ ఆయన చేతివి. చివరి రెండూ ఇంకెవరో లావుగా, వంకరగా పూర్తి చేశారు. ఆయన సగంలో వదిలిన నంబరు అదొక్కటే. మూలన గీకాను. శనగగింజంత చుక్క ఉంది.

సూపర్వైజరు శ్రీకుమార్ వచ్చి ఎవరి బండని అడిగాడు. మొదటి యజమాని పేరు చెప్పాను. రాసుకుని పోయాడు. నాకు సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. వెళ్లి టీ తాగాను.

ఇంటికి రాగానే, చేతుల రంగు కూడా కడుక్కోకుండా, అత్తకు చెప్పాను.

"ఆ బండికేమన్నా అయిందా అమ్మణీ?" అని అడిగింది.

"ఏమీ కాలేదత్తా. ఇన్నేండ్లూ బాగానే తిరిగినాది. ముసిలిదై ఈడికొచ్చినాది."

"బండికి వాడు పెట్టినాడు," అంది అత్త. "వాడికి నేను పెట్టలేదే."

ఇన్నేళ్లుగా ఆమెను అనాలని దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. చేతులు కడుక్కుని, ఇద్దరికీ అన్నం పెట్టాను.