పురుగుల ఇంటి గడప

"అమ్మకు బాగలేదు, ఉన్నపళంగా రా" అని పొద్దున్నే అన్న కేశవ ఫోను చేసేసరికి పుష్పావతికి కాళ్లూ చేతులూ ఆడలేదు. నరసాపురంలో బండ్ల కంపెనీలో చేరింది కానీ, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఒక్క షిఫ్టు ఎగ్గొట్టినా ఇంటికే అన్నాడు సూపర్వైజరు. అయినా తల్లి కదా! చూసి అట్నుంచటే మధ్యాహ్నం షిఫ్టుకు పోదామని, బండ్లకేసే రంగు వాసన కొట్టే యూనిఫాంతోనే బస్సెక్కి సొంతూరు ఆవనిలో దిగింది.

తీరా చూస్తే తల్లి సొన్నమ్మ గుండ్రాయిలా ఉంది. పురుగుల ఇంట్లో తట్టల మీద ఆకు పరుస్తోంది. పట్టుపురుగులు నాలుగో నిద్ర లేచాయి. ఇక గూడు కట్టేదాకా రాత్రీ పగలూ వాటికి మేత వేస్తూనే ఉండాలి.

కేశవ మాత్రం వరండాలో కాలు మీద కాలేసుకుని ఫోను చూసుకుంటున్నాడు. అబ్బ, ఏం రాజసం!

"చేతులు చాల్లేదు మే, అందుకే అట్ల చెప్పినాను. ఆడబిడ్డకు కంపెనీ ఏంది? ఇంగ ఈడనే ఉండు."

"నీ చేతులకేమొచ్చినాదన్నా?"

"నేను మార్కెట్టు చూసుకోవల్ల కదా!"

పురుగు గూడే కట్టలేదు, వీడు మార్కెట్టు చూస్తాడట! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇలాంటివాడి మాట నమ్మి పరుగెత్తుకొచ్చినందుకు పుష్పావతికి ఒళ్లు మండిపోయింది. షిఫ్టుకు అందే బస్సు కాస్తా వెళ్లిపోయింది, సాయంత్రం దాకా ఇంకోటి లేదు. వాకిట్లో అన్న బండి ఉంది.

ఆమె నేరుగా పురుగుల ఇంటి గడప దగ్గరికి నడిచింది. బయటి నుంచి వచ్చినవాళ్లు స్నానం చేసి బట్టలు మార్చుకోందే ఆ గడప తొక్కరు. పౌడరు వాసన తగిలినా పురుగులు మేత మానేస్తాయని ఊరంతా భయం. ఇక కంపెనీ రంగు వాసనంటే చెప్పాలా!

"ఆగు మే! పురుగులు సస్తాయి!" కేశవ ఫోను వదిలేసి లేచాడు.

"బండి తీస్తావా, లోపలికి పోదునా?" కాలెత్తింది పుష్పావతి.

"తీయ్‌రా, సచ్చినోడా! పంట పోతాది. నా పేరు చెప్పి పిల్లను రప్పిస్తావా?" లోపల్నుంచి అరిచింది సొన్నమ్మ.

కేశవ మొహం మాడ్చుకుని బండి తీశాడు. షిఫ్టు సైరన్ మోగకముందే కంపెనీ గేటు దగ్గర దించాడు. అక్కడ చాంపియన్ రీఫ్స్ నుంచి పనికొచ్చే తోటి పిల్ల వినుత ఎదురైంది.

"ఎవరే ఆయప్ప?"

"మా పురుగులకు ఆకేసే మనిషి," అంది పుష్పావతి, అతనికి వినబడేలాగే. "బిన్నా పో అన్నా, తడవు చేయొద్దు, పురుగులు ఆకలితో ఉండాయి."