నిత్యానందం ఎక్స్‌రే, కొత్త మానిటరు

మార్కాపురం ఎక్స్‌రే సెంటరులో ప్రశాంతి పొద్దున్నే తాళం తీసి, మిషను తుడిచి, "గాలి పీల్చి బిగబట్టు మామా" అంటూ పని మొదలుపెడుతుంది. వచ్చేది ఎక్కువగా పలకలు కోసేవాళ్లే. వాళ్లు కోసిన పలకల మీద పిల్లలు రాసిన అక్షరాలు ఆ కోసినవాళ్ల ఊపిరితిత్తుల్లో కనబడతాయి. పలక తుడిచేస్తే పోతాయి. తుడవనివి ఉండిపోయి దగ్గు తెస్తాయి. రాతను బట్టి ఎవరి పలకో కనుక్కుని, ఇంటివాళ్లు పోయి తడిగుడ్డతో తుడిచి వస్తారు.

ప్రశాంతి నాయన నిత్యానందమూ పలకలు కోసినవాడే. ఆయనకు ఎన్నేళ్ల నుంచో దగ్గు. ఈ చలికాలం నాలుగు మెట్లెక్కితే చాలు, కూలబడుతున్నాడు. ఎక్స్‌రేలో మాత్రం పొగలాంటి మరక తప్ప ఏమీ లేదు. సెంటరులో ఉన్నది పాత టీఎన్ మానిటరు, తల కాస్త వంచితే నలుపు తెలుపు తారుమారయ్యే రకం. దాన్ని నమ్మి "ఏం లేదులే నాయనా" అని ఏటేటా చెప్పింది తనే. ఇప్పుడా మాట తలుచుకుంటే ఆమెకు అన్నం సహించడం లేదు.

చివరికి ఆ మానిటరు ఆరిపోయింది. ఓనరు కొత్తది తెమ్మన్నాడు. ప్రశాంతి నాయన ఎక్స్‌రేను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని లక్ష్మణ్ కంప్యూటర్ల దుకాణానికి పోయింది.

"వీఏ రకం మానిటరు తీసుకోక్కా. నలుపు చూడు, కాటుక మాదిరి ఎట్లుందో!" అన్నాడు లక్ష్మణ్.

పెన్‌డ్రైవ్ పెట్టి ఎక్స్‌రే తెరిచి చూసింది. నలుపు బాగానే ఉంది. అయితే ఆ నలుపులో మరక కూడా మునిగిపోయింది.

"ఆ మూలది ఏందన్నా?"

"అది ఐపీఎస్ రకం. నలుపు కొంచెం వెలిసినట్టుంటది. సినిమాలకి బాగుండదు."

"నేను సినిమా చూసేదానికి వచ్చినానా? పెట్టు."

పెట్టాడు. మరక విడిపోయింది. బూడిదరంగులో ఎన్ని ఛాయలున్నాయో అన్నీ వేరువేరుగా తేలాయి. వాటి మధ్య ఓనమాలు, ఎడమకు ఒరిగిన పసిరాత. ప్రశాంతి పక్కకు జరిగి చూసింది, వంగి చూసింది. ఎటు చూసినా చెదరలేదు.

"ఎడమచేతి రాతక్కా. ఎవరిదో తెలిస్తే ఇప్పుడే పోయి తుడిచిరావచ్చు" అన్నాడు లక్ష్మణ్.

ప్రశాంతి రెండు చేతులూ కౌంటరు మీద ఆనించి, "నాదేనన్నా" అంది. "ఇదే ప్యాక్ చెయ్యి. మళ్లీ వచ్చి తీసుకపోతా."

ఇంటికి పరుగున వచ్చింది. నిత్యానందం మంచం మీద కూర్చుని రొప్పుతున్నాడు.

"నాయనా, నా పలక దాచిపెట్టినావా?"

ఆయన చూపు మంచం కింది ట్రంకుపెట్టె మీదికి పోయింది. ప్రశాంతి దాన్ని లాగి, దుప్పట్ల అడుగున తువ్వాలులో చుట్టిన పలక తీసింది.

"తెలిసే ఉంచినావా?"

"మనింట్లో అక్షరం రాసింది నువ్వే మొదలు. తుడిచేదానికి నాకు చెయ్యి రాలేదమ్మా. దగ్గే కదా అనుకున్నా."

ఆమెకు కోపమూ ఏడుపూ కలిసే వచ్చాయి. చెంబులో నీళ్లు తెచ్చి గుడ్డ తడిపింది. "ఒక్క అక్షరమన్నా ఉంచు" అని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ప్రశాంతి ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా తుడిచేసింది.

ఎన్నేళ్లకో నిత్యానందం నిండుగా ఊపిరి పీల్చాడు. ఆ ఊపిరితోనే భోరున ఏడ్చాడు.