అక్క మడమ

మా మట్టి రన్‌వేకి కొలత నా కాలి మడమే. వాన పడిన ప్రతిసారీ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుస్తూ, పదడుగులకోసారి మడమతో గట్టిగా తొక్కుతాను. మడమ దిగితే ఆ పూట విమానం లేదు, దిగకపోతే ఉంది. పన్నెండేళ్లుగా ఒక్కసారి తప్పి ఉంటే ఒట్టు!

"మా అక్క తొక్కుడు ముందు రోడ్డు రోలర్ దండగ," అనేవాడు విమానం నడిపే మా తమ్ముడు, అదీ పదిమందిలో. నాకు ఒళ్లు మండేది.

"నోర్మూసుకుని ఆ ఉత్తరాల సంచులు ఎక్కించుకోరా," అనేదాన్ని.

మూడు నెలలు జ్వరంతో మంచం పట్టి మొన్ననే లేచాను. ఎదురైనవాళ్లంతా "సగమైపోయావే!" అని ఒకటే గోల. ఈ పొద్దున కుండపోతగా కురిసి వెలిసింది. నడిచాను, తొక్కాను. ఎక్కడా దిగలేదు. వెళ్లమని చెయ్యి ఊపాను.

విమానం సగం దూరం దాటినా వేగం అందుకోలేదు. "ఆపరా, ఆపు!" అని అరిచాను. ఇంజను మోతలో నా గొంతు నాకే వినబడలేదు. ముందు చక్రం కూరుకుపోయింది. ముక్కు నేలకి గుద్దుకుని, తోక పైకి లేచి, నా కళ్ల ముందే విమానం వెల్లకిలా పడింది. అయ్యో, దేవుడా! ఆ తర్వాత ఇక ఏ చప్పుడూ లేదు.

ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. తమ్ముడు బెల్టుకి తలకిందులుగా వేలాడుతున్నాడు. నా వెనకే పరిగెత్తుకొచ్చిన మా మెకానిక్ బెల్టు కోశాడు. ఇద్దరం కలిసి వాణ్ని బయటికి లాగి, దూరంగా గడ్డి మీద పడుకోబెట్టాం.

మెకానిక్ భారీ మనిషి. అంబులెన్సుకి ఫోన్ చేస్తూ రన్‌వే మీద రెండడుగులు వేశాడు. అతని బూటు చీలమండ దాకా దిగిపోయింది. పరిగెత్తి ఆ పక్కనే నా మడమతో శక్తికొద్దీ తొక్కాను. అచ్చు మాత్రమే పడింది. మళ్లీ తొక్కాను. అంతే.

ఛీ, నా బుద్ధి గడ్డి తిన్నదా? వదులైపోయిన చెప్పులు చూసుకునైనా తెలుసుకోవద్దూ?

తమ్ముడు కళ్లు తెరిచాడు. "ఇంజనే ఏదో అయ్యుంటుందక్కా. నేల మంచిదేగా, నువ్వు తొక్కావుగా."

"ఇంజను కాదురా." వాడి పక్కకొచ్చి కూర్చున్నాను. "నేల మెత్తగానే ఉంది. నేనే చిక్కిపోయాను. నా మడమ దిగలేదురా తమ్ముడూ, నాకు ఆ ఆలోచనే రాలేదు!"

వాడు విన్నాడో లేదో. విసుగ్గా మొహం చిట్లించాడు.

"అవన్నీ తర్వాతక్కా. ముందు నా కాళ్ల మీద ఆ బరువు తియ్యి."

వాడి కాళ్ల మీద ఏమీ లేదు.