గోడవతలి చిట్టెలుక పుర్రె

మా పీహెచ్‌డీ గైడు రామచంద్రయ్య గారికి ఒక కొత్త జంతువును కనిపెట్టాలని చచ్చేంత ఆశ. తీరా ఆయనకు దొరికిందేమిటయ్యా అంటే, శంషాబాద్ ఎయిర్‌పోర్టు గోడ పక్క పొలాల్లో తిరిగే చిట్టెలుక. గోడకు అవతలి చిట్టెలుకలు వేరే జాతి, ఇవతలివి వేరే జాతి అని ఆయన సిద్ధాంతం. అప్పటికి 2010. గోడ కట్టి నిండా ఐదేళ్లు కాలేదు! లక్షల ఏళ్లకు జరిగే పనిని ఏ కాంట్రాక్టరో పూర్తి చేసినట్టు మాట్లాడేవాడు మహానుభావుడు.

మాకు ఎలుకలు పట్టిచ్చే జంగయ్య ఆ మాట విని పకపకా నవ్వాడు.

"గోడేంది బిడ్డా! కింద బొక్కలు పెట్టుకొని అటిటు పోతనే ఉంటయ్. వాటిని ఎవలన్న పాస్‌పోర్టు అడుగుతర?"

నా పని పుర్రెలు కొలవడం. ఆ కొలతలే నా థీసిస్. దాని మీద గైడు సంతకం పడకపోతే నా ఆరేళ్ల చదువు బూడిదలో పోసినట్టే.

జంగయ్య ఎలుక తలను జాలీ డబ్బాలో పెట్టి, చీమల పుట్ట మీద వారం ఉంచుతాడు. కండంతా చీమలు తినేస్తాయి, ఎముక చెక్కుచెదరదు. అలా శుభ్రం చేసిన నలభై పుర్రెలు కొలిచాను. అవతలివీ ఇవతలివీ ఒక్కటే.

సారుకు వారం ఆగే ఓపికేదీ! అవతలి నుంచి తెచ్చిన పన్నెండు తలలను కుక్కర్లో వేసి ఆరు విజిల్స్ రానిచ్చాడు. అన్నీ పిల్ల ఎలుకలవే, పుర్రె అతుకులు ఇంకా గట్టిపడనివి. ముక్కలుగా ఊడొచ్చాయి. ఆయనే కూర్చుని బంకతో అతికించాడు. ప్రతి పుర్రే అర మిల్లీమీటరు వెడల్పు పెరిగింది.

"చూశావా కవితా, తేడా!" అని గంతులేశాడు.

"అది బంక మందం సార్."

ఆయన మొహం మాడిపోయింది. "నీ తెలివి నీ దగ్గరే ఉంచుకో. ఈ పన్నెండూ పట్టికలో వేసుకుని రా, సంతకం పెడతాను. లేదంటే ఇంకో గైడును వెతుక్కో."

వేశాను. రెండు రోజులు అన్నం సయించలేదు, అయినా వేశాను. ఇంతసేపూ ఆయన్ని ఆడిపోసుకున్నాను గానీ, ఆయన తన ఎలుకను నిజంగానే నమ్మాడు. నేను నమ్మకుండానే రాశాను. ఛీ, నా బతుకు!

సంతకం పెట్టిన రోజు సారు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "నీ కష్టం ఊరికే పోనివ్వనమ్మా," అన్నాడు.

ఆ లేని ఎలుకకు నా పేరే పెట్టాడు.